మూఢంలో పని

మూఢం వచ్చింది.
కందుకూరులో పందిళ్ళు దిగినయ్యి.
మాల్యాద్రి గోడౌన్లో లైట్లు
తలకాయలు వేలాడేసుకుని వరసగా కూచున్నయ్యి.
ఇరవై నాలుగు మూవింగ్ హెడ్లు, పన్నెండు పార్ క్యాన్లు,
ఓ మూలన నాటకాల కాలం నాటి పాత దీపం,
ఎవరూ అద్దెకి అడగందీ, ఎవరూ అమ్మనియ్యందీ.

ముందు ప్లగ్గు పీకాలి, అంటాడు కాలేషా.
పీకినాక కూడా పావుగంట ముట్టుకోమాక,
లోపల కరెంటు కాసేపు తచ్చాడుద్ది.
పార్ క్యాన్ బల్బుని ఉత్త చేత్తో తాకావా,
నీ వేలిముద్ర ఎక్కడుంటే అక్కడే పగులుద్ది.
ఈ మాట రోజుకు నాలుగుసార్లు.

నేను పదకొండేళ్ళు పొగాకు గ్రేడింగ్ చేశా.
చీకట్లో ఆకు చేతికిచ్చినా చెప్పేదాన్ని,
ఇది మాడింది, ఇది తడి తిన్నది, ఇది బ్రైటు.
కంపెనీ మూసేసినాక ఈడకొచ్చా.
చేతులు మాత్రం అయ్యే.

మూత ఇప్పితే ఊళ్ళు బయటపడతయ్యి.
ఫ్యాను రెక్కల మీద బూడిదరంగు, మెత్తగా, బరువుగా:
చీమకుర్తి. రాయి కోసిన పిండి.
స్క్రూల చుట్టూ పచ్చటి చిలుము:
కొత్తపట్నం, సముద్రం గాలికి మూడు రాత్రులు.
ఈ ఎర్రమట్టి పామూరు వైపుది.
వేలికి నూనెలా అంటే ఈ జిగట మాత్రం
ఏ ఊరిదీ కాదు, పొగ మిషను కక్కింది.
పెళ్ళికూతురు మబ్బుల్లోంచి నడిచి రావాలంట.
మబ్బులు పోయినయ్యి. జిడ్డు నాకు మిగిలింది.

బ్రష్షుతో దులిపి, గాలి కొట్టి,
కొట్టేటప్పుడు ఫ్యాను గిర్రున తిరక్కుండా వేలు అడ్డం పెట్టి,
స్పిరిట్టులో తడిపిన మెత్తటి గుడ్డతో
అద్దాన్ని నడిమి నుంచి అంచుకి.
రంగు బిళ్ళల్ని గట్టిగా రుద్దితే పూత లేచిపోద్ది.
పసిబిడ్డ చెవి తుడిచినట్టు తుడవాల, అంటాడు కాలేషా.
ఆయనకి పిల్లల్లేరు. ఎవరి చెవి చూశాడో.

పదిహేడో లైటు ఇప్పా.
గోబో చక్రంలో, నక్షత్రాల బిళ్ళ పక్కన,
ఖాళీగా ఉండాల్సిన గాజు మీద
ఓ రెక్కల పురుగు.
ఎండిపోయి, రెండు రెక్కలూ పరుచుకుని.

చూడగానే గుర్తుపట్టా.
నేను ఏ పెళ్ళికీ పోలా, మాల్యాద్రి ఫోన్లో చూశా.
వైశాఖంలో వలేటివారిపాలెం.
పెళ్ళివాళ్ళ వెనక తెల్ల పరదా మీద
మనిషంత సీతాకోకచిలుక.
అట్టాగే ఉంచండి, అట్టాగే ఉంచండి అని ఫొటోగ్రాఫరు కేకలు.
ఏందో తెలీకుండానే మాల్యాద్రి బిల్లులో రాశాడు:
బటర్‌ఫ్లై ఎఫెక్టు, పదిహేను వందలు.
తర్వాత ఇంకో నాలుగు పెళ్ళిళ్ళు అదే అడిగినయ్యి.

కాలేషా కళ్ళజోడు నుదుటి మీద నుంచి దించి చూశాడు.
తీసెయ్, అన్నాడు.
రొంతసేపాగి,
ఎంత వేడి తిన్నదో, అన్నాడు.

పట్టకారు పక్కన పెట్టా.
ఈనె విరక్కుండా ఎండాకు ఎత్తే పట్టు ఒకటుంది,
రెండు వేళ్ళు, గోరు తగలకుండా, ఊపిరి బిగబట్టి.
ఎత్తా.
ఒక రెక్క వచ్చింది.
రెండోది గాజు మీదే ఉండిపోయింది.

కాలేషా ఏమీ అన్లా. స్పిరిట్టు సీసా నా వైపు జరిపాడు.

బయట మెట్ల మీద మాల్యాద్రి
గుడ్లూరు వాళ్ళకి ఫోన్లో మాటిస్తన్నాడు,
మూఢం పోయినాక మొదటి ముహూర్తం:
ఉంటదండీ, ఎందుకుండదు,
జిల్లా మొత్తానికీ మా దగ్గరే ఉంటది.

తెల్లగుడ్డ మీద రెక్కని ట్యూబులైటు వైపు తిప్పి చూశా.
అలవాటు, పోలా.
బ్రైటు.

స్క్రూలు గిన్నెలో లెక్కపెట్టుకున్నా.
ఇంకా ఏడు లైట్లున్నయ్యి.